తొంభై ఒకటో మనిషి

మిల్ ఫోర్క్, ఒహాయో
ఏప్రిల్ 4, 2011

విన్‌ఫోర్డ్ కాలేజి టికెట్ ఆఫీసు వారికి,

వెండెల్ క్రౌస్ కోపంగా రాయునది. నేను ఈ ఊళ్ళో నలభై ఏళ్ళపాటు ఇళ్ళు వెచ్చగా ఉంచే ఫర్నేసులు బాగుచేసి, ఇప్పుడు పని మానేసి ఇంట్లో కూర్చున్న మనిషిని.

మన పాత స్టేడియాన్ని ఆధునికంగా మారుస్తున్నారని పేపర్లో చదివాను. నమ్మలేక నిన్న వెళ్ళి కంచె సందులోంచి చూశాను. చెక్క బల్లలన్నీ పీకి కుప్ప పోశారు. వాటి బదులు వీపు ఆనించుకునే కుర్చీలట, కప్పు పెట్టుకోవడానికి గుంటలట! బంతి చేత పట్టి పరిగెత్తే మన అమెరికా ఫుట్‌బాల్ చూడ్డానికి వీపుతో ఏం పనండీ? ఆ బల్లల పేళ్ళు గుచ్చుకోని మనిషి ఈ ఊళ్ళో లేడు. మా పాస్టరు గారికి గుచ్చుకున్న చోటు ఆయన దేవుడికి కూడా చెప్పుకోలేకపోయారు. మగవాళ్ళ మరుగుదొడ్లో ముప్ఫై మందిమి భుజాలు రాసుకుంటూ నిలబడే ఆ పొడుగాటి రేకు తొట్టి ఏమైంది? ఈ ఊరి స్నేహాల్లో సగం అక్కడ మొదలైనవే. స్కోరుబోర్డులో బల్బులు మాడిపోయి ఎనిమిది ఎప్పుడూ మూడులా కనిపించేది. గెలిచామో ఓడామో ఇంటికెళ్ళి రేడియోలో తెలుసుకునేవాళ్ళం. ఆ సుఖం ఇప్పుడు ఎక్కడుంది?

అన్నిటికన్నా ఆ దీపాల ఇనప స్తంభం. నాది సి సెక్షను, ఇరవై రెండో వరస, ఏడో సీటు, సరిగ్గా స్తంభం వెనకాల. మైదానంలో ఎడమ సగం నాకు కనిపించదు. నా భార్య లవీనాది ఎనిమిదో సీటు. ఆవిడకి మొత్తం కనిపించేది. నలభై మూడేళ్ళు సగం ఆట నేను చూశాను, మిగతా సగం ఆవిడ చెప్తే విన్నాను. పోయిన ఏడాది మార్చిలో ఆవిడ పోయింది.

ఏడు, ఎనిమిది అంకెలున్న ఆ బల్ల నాకు కావాలి. నేను ఆషామాషీ మనిషిని కాను. అరవై ఏడు నాటి మంచు ఆట చూసినవాణ్ణి.

ఇట్లు,
వెండెల్ క్రౌస్

తా.క.: సీట్లు మార్చుకుందామని లవీనా ఒక్కసారి కూడా అనలేదు. నేను ఏటా అనేవాణ్ణి.

---

టికెట్ ఆఫీసు
ఏప్రిల్ 11

గౌరవనీయులైన క్రౌస్ గారికి,

మీ బల్ల విడిగా తీయించి పెట్టాను. లవీనా గారి సంగతి విని బాధ కలిగింది.

మీ ఉత్తరంలో ఆఖరి మాట చదివి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎనిమిది వేల మందిలో తొంభై ఒక్కరు తప్ప అందరూ లేచిపోయిన ఆట కదండీ అది! ఇరవై పాయింట్లు వెనకబడి, ఆఖరి క్షణంలో గెలిచాం. ఆ తొంభై ఒక్కరి పేరు చెప్పి ఈనాటికీ ప్రతి ఆటకీ ముందు కాలేజి గంటని తొంభై ఒక్కసార్లు కొడుతున్నాం. పూర్తయ్యేసరికి అవతలి జట్టు వాళ్ళకి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి.

ఆ రోజు మిగిలినవాళ్ళ సీటు నంబర్లు పెన్సిలుతో రాసిన కాగితం మా దగ్గరుంది. పేర్లు లేవు. మేమూ ఉన్నామంటూ ఇప్పటికి రెండు వేల మూడు వందల మంది రాశారు. అందులో ఒకాయన అప్పటికి పుట్టనే లేదు. కానీ మీ రెండు సీట్లూ ఆ కాగితంలో ఉన్నాయి! కొత్త ద్వారం దగ్గర రాతి మీద మీ ఇద్దరి పేర్లూ చెక్కిస్తాం. సెప్టెంబరు 10న ప్రారంభానికి వచ్చి మొదటి గంట మీరే కొట్టాలి.

విధేయురాలు,
ఐడెల్లా ప్రాట్

తా.క.: కమిటీకి చిన్న చిన్న వివరాలు కావాలి. ఆ రోజు మీ చేతిలో ఏముంది? కాఫీలాంటిది ఏమైనా?

---

ఏప్రిల్ 16

మిస్ ప్రాట్ గారికి,

మీ ఉత్తరం అందింది. చదువుతుంటే కళ్ళద్దాలు రెండుసార్లు కింద పడ్డాయి. వయసు అనుకోండి.

నేను బల్ల అడిగాను, మీరు బండ ఇస్తానంటున్నారు. నా పేరు వద్దు. లవీనా పేరు ఒక్కటీ చెక్కండి. ఆ రోజు గొప్పంతా ఆవిడదే. నాకంత అర్హత లేదు, ఇది మాట వరసకి అంటున్నది కాదు. గంట కొట్టడానికి నా కుడి భుజం లేవదు.

ఇట్లు,
వెండెల్ క్రౌస్

తా.క.: కాఫీ సంగతి నాకు గుర్తు లేదు.
తా.క. 2: ఎడమ భుజం కూడా లేవదు.

---

ఏప్రిల్ 25

గౌరవనీయులైన క్రౌస్ గారికి,

మీ వినయం ముందు మేమెంత! మీ ఉత్తరం కమిటీలో చదివి వినిపించాను. కాలేజి ప్రెసిడెంటు గారు రెండుసార్లు ముక్కు చీదుకున్నారు. "గొప్పంతా పెళ్ళానికి ఇచ్చేసే మొగుణ్ణి ఇన్నాళ్ళకి చూశానమ్మా! వాళ్ళ బొమ్మ వేయించాల్సిందే" అన్నారు. పక్కనే కూర్చున్న ఆయన భార్య, "చూశారు కదా, ఇక నేర్చుకోండి" అంది.

కనుక ముఖద్వారం గోడ మీద ఇరవై అడుగుల ఎత్తున మీ ఇద్దరి బొమ్మ వేయిస్తున్నాం. మంచు కురుస్తుంటుంది, మీరు లవీనా గారి పక్కన భుజానికి భుజం ఆనించి కూర్చుని ఉంటారు. మీ చేతిలో పొగలు కక్కే కాఫీ కప్పు పెట్టమని నేనే చెప్పాను.

మీరు నాలుగు మాటలు కూడా మాట్లాడాలి. భుజాలతో పని లేదు.

విధేయురాలు,
ఐడెల్లా ప్రాట్

తా.క.: చిత్రకారుడు మీకు జుట్టు కొంచెం ఉదారంగా వేశాడు. అభ్యంతరం ఉండదనుకుంటాను.

---

మే 2

మిస్ ప్రాట్ గారికి,

ఒక పొరపాటు జరిగింది. నా సీటు సి సెక్షను కాదని ఇప్పుడు గుర్తొచ్చింది. డి సెక్షను. లేదా ఇ. స్తంభం ఉన్న మాట నిజమే, కానీ స్తంభాలు చాలా ఉండేవి కదా. కాబట్టి మీ కాగితంలో ఉన్నది వేరే ఎవరో అదృష్టవంతుడు. ఆయన్ని వెతికి పట్టుకోండి. బల్ల కూడా ఆయనకే ఇచ్చేయండి.

ఇట్లు,
వెండెల్ క్రౌస్

తా.క.: జుట్టు ఉంచండి. కప్పు చెరిపించండి. పొగతో సహా.

---

మే 9

గౌరవనీయులైన క్రౌస్ గారికి,

మీ పాత టికెట్ కార్డు తీసి చూశాను. 1967 జూన్ నుంచి సి-22-7, సి-22-8. మీ సంతకం కూడా ఉంది. మనసు బాగోలేనప్పుడు మతిమరుపు మామూలేనని మా కాలేజి నర్సు చెప్పింది. మీరు ఒంటరిగా ఉంటున్నారని చర్చి ఆడవాళ్ళ చెవిన వేశాను. ఓవెన్‌లో కాసరోల్ వంటకం చేసి గిన్నెలతో పంపుతామన్నారు.

గురువారం పేపర్లో మీ ఫొటో వస్తుంది. బల్ల రేపు లారీలో వస్తుంది.

విధేయురాలు,
ఐడెల్లా ప్రాట్

తా.క.: కప్పు చెరపడం కుదరదట. చెరిపితే మీ చెయ్యి కూడా పోతుందట.

---

మే 21

మిస్ ప్రాట్ గారికి,

పదకొండు కాసరోల్‌లు వచ్చాయి. మొన్న మంగలి షాపుకి వెళ్తే అందరూ లేచి నిలబడ్డారు, సగం గడ్డం గీయించుకున్నవాడితో సహా. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక దాచలేను.

ఆ రోజు నేను అక్కడ లేను.

సగం ఆట వరకు ఉన్నాను. చలికి కాళ్ళు కొయ్యబారాయి. ఊరందరి ఇళ్ళూ వెచ్చగా ఉంచేవాణ్ణి, నాకు మాత్రం చలంటే మహా భయం. మాకు పెళ్ళై అప్పటికి ఐదు నెలలు. "కాఫీ తెస్తానుండు" అని లవీనాతో చెప్పి లేచాను. కాఫీ కొట్టు మూసేసి ఉంది. కాసేపు కార్లో వేడి పెట్టుకుని కూర్చుందామనుకున్నాను. కూర్చున్నాక, ఎటూ ఓడిపోయే ఆటే కదా, ఆవిడ ఎవరి కార్లోనో వచ్చేస్తుందిలే అనుకున్నాను. ఇంటికెళ్ళి సూపు తాగి సోఫాలో నిద్రపోయాను.

సాయంత్రం ఐదింటికి లవీనా వచ్చింది. రెండు మైళ్ళు నడిచి వచ్చింది. కనుబొమల మీద మంచు. కోటు విప్పుతూ "గెలిచాం" అంది. కోటు తగిలించి, నేను తాగిన సూపు గిన్నె కడగడానికి వెళ్ళింది.

మర్నాడు చర్చి విందులో ఎవరో "నువ్వున్నావా వెండెల్?" అన్నారు. ఆలోచించేలోపే "ఉన్నాను" అని నోరు అనేసింది. ఇక చెప్పక తప్పలేదు. మన కుర్రాడు బంతిని గుండెకి అదుముకుని మంచులో జారుతూ గీత దాటి కుడి మోకాలి మీద పడ్డాడని, రేడియోలో విన్నది విన్నట్టు చెప్తున్నాను. లవీనా పక్కనే ఉంది. ఇప్పుడు అంటుంది, ఇప్పుడు నా పరువు తీస్తుంది అని ఆవిడ నోటి వంకే చూస్తున్నాను. ఆవిడ బంగాళాదుంపలు వడ్డించుకుంటూ "ఎడమ మోకాలు, వెండెల్" అంది.

నలభై మూడేళ్ళు నేను ఆ కథ చెప్పాను, ఆవిడ తప్పులు దిద్దింది. ఆ ఒక్క పెద్ద తప్పు తప్ప. నేను క్షమించమని ఒక్కసారైనా అడగలేదు. సిగ్గేసింది. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ గడిపేశాను.

బల్ల కావాలన్నది అందుకే. ఆవిడకి చెప్పుకోలేనిది ఆ ఎనిమిదో నంబరుకైనా చెప్పుకుందామని. వచ్చిన రోజే చెప్పాను. చెక్క కదా, అదీ ఏమీ అనలేదు.

నా పేరు కొట్టేయండి. బొమ్మలో నన్ను చెరిపేయండి. ఊరికి నేనే చెప్తాను, మంగలి షాపు నుంచి మొదలుపెట్టి.

తలవంచుకుని,
వెండెల్ క్రౌస్

తా.క.: కాసరోల్ గిన్నెలు కడిగి అరుగు మీద పెట్టాను. ఎవరివి వాళ్ళు తీసుకోవచ్చు. నా మొహం చూడనక్కర్లేదు.

---

మే 28

ప్రియమైన వెండెల్ గారికి,

మీరు సిగ్గుపడి రాశారు. నేను అంతకన్నా సిగ్గుపడి రాస్తున్నాను.

ఆ పెన్సిలు కాగితం రాసింది నేనే. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు, ఇక్కడే చదువుకుంటూ గేటు దగ్గర పని చేసేదాన్ని. ఎంతమంది మిగిలారో లెక్క రాసుకు రమ్మని పంపారు. సి సెక్షనులో ఒకావిడ ఒంటరిగా ఉంది. పక్క సీటు తడవకుండా దాని మీద తన దుప్పటి కప్పి ఉంచింది. ఆవిడ మీద మాత్రం మంచు కురుస్తూనే ఉంది.

"ఇద్దరని రాయమ్మా. మా ఆయన కాఫీకి వెళ్ళాడు" అంది.

"కాఫీ కొట్టు ఎప్పుడో మూసేశారండీ" అన్నాను.

"అయితే కొంచెం ఆలస్యమవుతుందిలే" అంది.

ఆవిడ మొహం చూసి ఇద్దరని రాశాను. నిజానికి ఆ రోజు ఉన్నది తొంభై మందే. నా రాత వల్ల ఈ ఊరు నలభై నాలుగేళ్ళుగా గంట మీద ఒక దెబ్బ ఎక్కువ కొడుతోంది. ఆ ఆఖరి దెబ్బ వినపడ్డప్పుడల్లా నా చెవులు ఎర్రబడతాయి. ఈ ఏడాది నా ఉద్యోగం అయిపోతుంది. మీ మొదటి ఉత్తరం చూసి, పోనీలే, ఆయన తిరిగొచ్చాడన్నమాట, నా లెక్క తప్పలేదు అని సంబరపడ్డాను. కాఫీ సంగతి అందుకే అడిగాను. మీరు గుర్తు లేదన్నప్పుడే సందేహం వచ్చింది. అయినా కప్పు వేయించాను. నన్ను క్షమించండి.

నిన్న ప్రెసిడెంటు గారికి మీ ఉత్తరమూ, నా సంగతీ రెండూ చెప్పేశాను. ఈసారి మూడుసార్లు చీదుకున్నారు. కానీ రాతి మీద తొంభై ఒకటి అని పోయిన వారమే చెక్కేశారు. ఇక మార్చలేరట. మీ పేరు చెక్కరు. లవీనా గారి పేరు ఒక్కటే ఉంటుంది. అంకె మాత్రం అబద్ధంగా మిగిలిపోతుంది.

దాన్ని నిజం చేయగలిగింది మీరొక్కరే. సెప్టెంబరు 10న రండి. మాట్లాడనక్కర్లేదు, గంట కొట్టనక్కర్లేదు. లారీ పంపుతాను, ఆ బల్ల కూడా తెండి. సి సెక్షనులో ఇరవై రెండో వరసలో రెండు కొత్త కుర్చీలు పీకించాను. దాన్ని అక్కడే బిగిస్తారు. ఆవిడ మీ సీటు ఇంకా పట్టి ఉంచింది.

మీ,
ఐడెల్లా

తా.క.: రెండు కాఫీలు తీసుకోండి. ఈసారి కొట్టు తెరిచే ఉంటుంది. క్యూ మాత్రం పొడుగ్గా ఉంటుంది, పెందరాళే బయల్దేరండి. ఇప్పటికే కొంచెం ఆలస్యమైంది.