చిట్టికి సంబంధం

ఫిలింనగర్,
12 నవంబర్ 2025, బుధవారం.

చిరంజీవి పృథ్వీకి,

అక్క దీవెనలు. నువ్వూ మరదలు ప్రణతీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నా మోకాళ్లు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. ఫోన్ చేస్తే నన్ను స్పీకర్లో పెట్టి, మా అక్కయ్య డాగ్ షో జడ్జి అండీ అని కుక్కపిల్లల్ని కొనేవాళ్లకు గొప్పలు చెబుతావు. అందుకే ఈ ఉత్తరం.

ఆడకుక్కే మగకుక్క ఇంటికి రావడం మన కుక్కల పెంపకందార్ల పద్ధతి గనక, మా భూపతితో జత కట్టించమని చిట్టిని పంపావు. వాడు గెలిచిన కప్పుల పేరు చెబితే పిల్లలకు ధర పెరుగుతుందని నీ ఆశ. దాన్ని తెచ్చిన మీ డ్రైవర్ జంగయ్య, జర భద్రంగ పట్టుకోమ్మా, గిది కింద పడితే సారు నా నౌకరీ తీసేస్తడు అన్నాడు.

జూబ్లీహిల్స్‌లో నీ షాపు బోర్డు మీద 'టీకప్ పొమేరియన్' అని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లు రింగులో నిలబడి కుక్కల పళ్లూ నడకా చూశాను. కుక్కజాతులకు రాసిన ఏ ప్రమాణంలోనూ అలాంటి రకం లేదురా! అర్భకంగా పుట్టినదాన్ని ఇంకో అర్భకంతో కలిపి, దానికో ముద్దుపేరు పెట్టి హీరోయిన్ల హ్యాండ్‌బ్యాగుల్లోకి ఎక్కించావు. రీల్స్‌లో ముద్దుగానే ఉంటుంది. చిట్టి తల నిమిరి చూడు, మూడేళ్లొచ్చినా మాడు పూడలేదు. ఒక్క పూట తిండి తప్పితే కళ్లు తేలేస్తుంది. కిందటి కాన్పులో కోసి తీస్తే ఒక్క పిల్లే బతికింది. ఈసారి తల్లి కూడా దక్కదని డాక్టర్ నీ ఎదుటే చెప్పాడు. ఈ ఒక్కసారికేనక్కా అన్నావు. కిందటిసారీ అదే మాట.

నీతో వాదించే ఓపిక లేదు నాకు. అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే నువ్వే. నువ్వు అలిగి మాట్లాడ్డం మానేస్తే ఏం చెయ్యాలో కూడా తెలీదు. ప్రణతిని అడిగానని చెప్పు.

ఉంటాను,
మీ అక్క
శారదాదేవి

తా.క.: జత కుదిరిందా అని రోజూ మెసేజ్ పెడుతున్నావు. భూపతిని దాని దరిదాపులకే రానివ్వలేదు. నిన్న చిట్టిని బంజారాహిల్స్‌లో కుక్కల ఆసుపత్రికి తీసుకెళ్లి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. ఆ మత్తుకు తట్టుకుంటుందో లేదోనని బయట కూర్చుని గడియారమే చూశాను. తట్టుకుంది, నా మంచం పక్కనే పడుకుంది. కుక్క ఎవరిదని అక్కడి డాక్టర్ అడిగితే నాదేనన్నాను. దాన్ని తీసుకెళ్లడానికి ఆదివారం కారు పంపకు. నువ్వే రా. తిట్టాలనుంటే తిట్టు, భోంచేసి వెళ్లు.