మధ్యలో ఖాళీగా ఉన్న బిట్టు

సోమవారం
అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఆదివారం ఇంటికి పంపుతారట. కాలు మడవకుండా కూర్చోవడానికి ఎత్తుగా, వెడల్పుగా ఉండే స్టూలు లేకపోతే నేరుగా పెద్దకోడలి ఇంటికే వెళ్తానన్నారు. నాకు ఒళ్లు మండింది. పైగా ఆవిడ లేకపోతే ఈ ఇంట్లో నాతో కబుర్లాడే దిక్కు లేదు. నిర్ణయం: పోయిన మామగారి పనిముట్ల పెట్టె తీసి స్టూలు నేనే చేస్తాను. ఎవర్నీ అడగను!

మంగళవారం
డ్రిల్లింగ్ మెషిన్ పనిచేస్తోంది! దానికి తగిలించి రంధ్రాలు వేసే బిట్లన్నీ పోల్చుకున్నాను. ఒక్కటే అంతుపట్టలేదు. పొట్టిగా, గొట్టంలా, అంచున పళ్లతో ఉంది. మధ్యలో మొన ఉండాల్సిన చోట ఏమీ లేదు. రేపు చూద్దాం.

బుధవారం
పాత చెక్క మీద ఆ బిట్టు పెట్టాను. సబ్బు ముక్కలా జారింది. గట్టిగా అదిమితే దిగింది. రంధ్రం పడింది గానీ బిట్టులో గుండ్రటి చెక్క బిళ్ల ఇరుక్కుంది. పొడిచి తీశాను. ప్రతిసారీ ఇదే వరస. బిళ్లలన్నీ ఊడ్చి చెత్తబుట్టలో పోశాను.

గురువారం
మా ఆయనకి చూపించాను. అడగలేదు, మాటవరసకి చూపించానంతే. మొన విరిగిపోయిందని తేల్చేశారు. ఆ బిట్టు మొహం ఆయనా ఇవాళే చూశారని అర్థమైంది.

శుక్రవారం
నడుం నొప్పి. సెలవు.

శనివారం
హార్డ్‌వేర్ షాపతనికి ఫోటో పంపాను. ఇది అడగడం కిందికి రాదు. ఇంకా పెద్ద సైజులు కూడా ఉన్నాయి, కావాలా అన్నాడు. దేనికో చెప్పలేదు. మామూలు బిట్టుతోనే రంధ్రాలు వేసి స్టూలు బిగించేశాను. స్క్రూల తలలు పైకి కనిపిస్తున్నాయి. కనిపించనీ.

ఆదివారం
అత్తగారు వచ్చారు. తీసుకొచ్చిన బావగారు ఆవిణ్ణి తమ ఇంటికి తీసుకెళ్లొచ్చన్న ఆశతో కారు ఇంజిన్ ఆపనేలేదు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, ఉలిక్కిపడి లేచారు. స్క్రూ గుచ్చుకుంది. నాకు ఏడుపొచ్చింది. బిట్టు తెచ్చి చూపించాను, తప్పంతా దీనిదేనన్నట్టు.

"ఇది రంధ్రం కోసం కాదమ్మాయ్, ఆ బిళ్ల కోసం. స్క్రూని లోతుగా దించి, గుంటలో బిళ్ల పెట్టి, జిగురుతో అతికించి రుద్దేస్తే ఇక స్క్రూ కనబడదు, గుచ్చుకోదు" అన్నారు ఆవిడ.

బిళ్లలు చెత్తబండి ఎక్కి వెళ్లిపోయాయని చెప్పాను. ఆవిడ బావగారి వైపు తిరిగారు.

"ఇంజిన్ ఆపెయ్యరా. మీ ఇంట్లో అన్నీ బాగుంటాయి. కాసేపు నవ్వుకుందామంటేనే ఏమీ ఉండదు."

సోమవారం
స్టూలు మొత్తం విప్పేశాను. రేపటి నుంచి మళ్లీ మొదలు. ఈసారి ఖచ్చితంగా ఎవర్నీ అడగను! మంచం మీంచి అత్తగారే అన్నీ చెబుతుంటారు, అది వేరే విషయం.