ఉయ్యాల కాడ లొల్లి

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ ఫొటోకు దండ వేశాను. సాయంత్రం జరిగింది మాత్రం నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

ఐదేళ్లు నిండినా నీ మనుమరాలు లావణ్యకు మాట రాలేదని, తోటి పిల్లలతో కలవదని మేము దిగులు పడుతుంటే, సుచిత్ర దగ్గరి ప్రత్యేక బడి టీచరమ్మ బొమ్మలు చూపించి నేర్పమంది. మేడ్చల్‌లో లారీల మీద పూలూ నెమళ్లూ వేసే నువ్వు, ఆ రోజే అట్టముక్కలు ముందేసుకుని కూర్చున్నావు. నీళ్ల గ్లాసు గీశావు, అన్నం పళ్లెం గీశావు. ఉయ్యాల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్లను ఒక అట్ట మీద, ఉయ్యాల ఎక్కిన పిల్లను ఇంకో అట్ట మీద గీశావు.

"గిది ఆగుడు, గిది నా వంతు. జర ఓపిక పట్టు బిడ్డా, పోరి మస్తు హుషారు" అన్నావు.

నువ్వున్నన్నాళ్లూ, నువ్వు పోయిన ఈ ఏడాదీ అది వేలితో చూపిందే కానీ నోరు విప్పలేదు.

ఇవాళ మచ్చ బొల్లారంలో మా కాలనీ పార్కులో పక్కింటి మమత ఉయ్యాల ఎక్కి ఎంతకీ దిగలేదు. లావణ్య చేతులు కట్టుకుని చాలాసేపు ఆగింది. తర్వాత 'నా వంతు' అట్ట తీసి చూపింది. మమత నవ్వి ఇంకా ఎత్తుకు ఊగింది. అప్పుడు మన పిల్ల గొంతు చించుకుని అరిచింది.

"నా వంతు! దిగు!"

'దిగు'కు నువ్వు బొమ్మే గీయలేదు, నాయినా. ఆ మాట దాని సొంతం.

మమత ఏడుస్తూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "ఆంటీ, మీ లావణ్య నాతోని లొల్లి పెట్టుకుంటాంది!"

మన పిల్ల మీద వచ్చిన మొదటి ఫిర్యాదు ఇది.

నీ బిడ్డ