కట్టుడు సంతకం

బావగారికి,

నమస్కారాలతో మీ బావమరిది రాస్తున్నది. సొరంగం తవ్వే చోటికి క్షేమంగా చేరాను. స్టోరు తాళాలు నా చేతికిచ్చారు. చుట్టూ కొండలు కావడంతో ఇక్కడ ఫోను పలకదు. సరుకులు తెచ్చే లారీయే మాకు పోస్టుమాన్. మంచం మీద, అన్నం మీద, కనురెప్పల మీద, ఎక్కడ చూసినా రాతిపొడి. అందుకే నల్ల గిటారుని మీ ఇంట్లో వదిలి వచ్చాను. నీలం రంగు చిన్నది మాత్రం మంచం కింద పెట్టుకున్నాను, పెట్టె తెరవకుండా.

నల్లదాని సంగతి సరిగ్గా చెప్పేలోపే బస్సు కదిలింది. అది మామూలు గిటారు కాదు బావగారూ. నేను ఆరాధించే గాయకుడి పేరు మీద గిటార్ల కంపెనీ చేసింది. ఆయన చేతిలో గిటారు ఎలా ఉంటుందో ఇది అచ్చు అలాగే ఉంటుంది. అంచు చుట్టూ మీగడ రంగు పట్టీ, మెడ మీద గడి గడికీ ఎగిరే పిట్ట, పన్నెండో గడిలో ముత్యపు చిప్పతో పొదిగిన ఆయన సంతకం. తీగలు బిగించే మరల తలలు కూడా నల్లవే. దయచేసి పెట్టె తెరవకండి. తెరిచినా ముట్టుకోకండి. ముట్టుకున్నా వాయించకండి.

అక్కని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: వాయించడం నాకూ రాదు. నేర్చుకుందామనే కొన్నాను గానీ, చేతి చెమటకి మెరుపు పోతుందని ఆగిపోయాను.

*

బావమరిదికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందేసరికే పెట్టె తెరిచాను. తెరవడమే మంచిదైంది. అబ్బాయ్, నిన్నెవరో నిలువునా ముంచారు. కొత్తదని చెప్పి వాడేసిన సరుకు అంటగట్టారు. గిటారు బొక్క పక్కన అరచెయ్యంత మేర నల్లరంగు లేచిపోయి లోపలి చెక్క కనిపిస్తోంది. చూసి మీ అక్కా నేనూ చాలాసేపు బాధపడ్డాం. నీకు చెప్పాలా వద్దా అని కూడా అనుకున్నాం.

కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో జుట్టు నెరిసినవాణ్ణి. అరిగినదాన్ని చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. ల్యాబులో ఊపిరి పీల్చుకునే తీరిక లేకపోయినా నీ కోసం వీలు చేసుకున్నాను. ఆ చోటంతా నున్నగా రుద్ది, నల్లరంగు పూతలు వేసి, పళ్ళకి మెరుపు తెచ్చే పొడితో తుడిచాను. ఇప్పుడు మీ అక్క అందులో చూసుకునే తల దువ్వుకుంటోంది.

నువ్వు దిగులు పడకు. ఆరోగ్యం జాగ్రత్త.

నీ మేలు కోరే
బావ

తా.క.: లోపల అంటించిన కాగితం మీద కూడా ఎవడో పెన్నుతో పిచ్చిగీత గీశాడు. తడిగుడ్డతో తుడిస్తే శుభ్రంగా పోయింది.

*

బావగారికి,

నమస్కారం. మీ ఉత్తరం చదివి స్టోరులో సిమెంటు బస్తాల మీద కూలబడ్డాను.

ఆ అరుగుదల అరుగుదల కాదు బావగారూ, అలంకారం. ఏళ్ళ తరబడి వాయించగా గాయకుడి చెయ్యి రాసుకుని ఆయన గిటారు అక్కడే అరిగింది. కంపెనీ వాళ్ళు ఫొటోలు పెట్టుకుని, కొలతలు తీసుకుని, ప్రతి గిటారునీ అదే ఆకారంలో అరగదీశారు. ఆ మచ్చ కోసమే నేను దాన్ని కొన్నాను. మచ్చ లేనిది మామూలు దుకాణంలో ఎవరికైనా దొరుకుతుంది.

ఇక ఆ పిచ్చిగీత. అది ఆయన తన చేత్తో పెట్టిన సంతకం. దానికోసం పేరు రాయించుకుని ఎంతకాలం ఎదురుచూశానో అక్కకి తెలుసు.

మీరు నా మంచికే చేశారని తెలుసు. తప్పు నాది, బస్సు కదలకముందే చెప్పాల్సింది. ఇకనైనా దాన్ని అలా ఉండనివ్వండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: నేను కూలబడడం చూసి మేస్త్రి వచ్చి "ఇంట్లో ఎవరైనా పోయారా బాబూ" అని అడిగాడు. "మచ్చ పోయింది" అన్నాను. కుక్క అనుకున్నాడు. అప్పటినుంచి నాతో మెల్లగా మాట్లాడుతున్నాడు.

*

బావమరిదికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మీ అక్క చేత మరోసారి చదివించుకున్నాను. కొత్త కట్టుడు పళ్ళకి ముందే పుచ్చు పెట్టి ఇమ్మన్నట్టుంది నీ వ్యవహారం. సరే, ఎవరి నోటికి తగ్గట్టు వాళ్ళకి చేసివ్వడమే మా పని. ఎందుకూ అని అడక్కూడదు.

అందుకని పోయిన మచ్చని మళ్ళీ పెట్టాను. ఊరికే గీకేస్తే అబద్ధంలా ఉంటుంది కదా, చెయ్యి ఎక్కడ రాసుకుంటుందో చూడాలి. మీ అక్కని కుర్చీలో కూర్చోబెట్టి గిటారు ఒళ్ళో పెట్టాను. "వాయిస్తున్నట్టు నటించు" అన్నాను. "కూర మాడుతుంది" అంటూనే నటించింది. ఆమె చెయ్యి ఆడిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, పళ్ళు అరగదీసే మర తెచ్చి, అచ్చం ఏళ్ళ తరబడి వాయించినట్టే అరగదీశాను. నువ్వు చూస్తే గుర్తుపట్టలేవు.

నీ మేలు కోరే
బావ

తా.క.: అంతా అయ్యాక గుర్తొచ్చింది, మీ అక్కది ఎడమచేతి వాటం. మచ్చ రెండో పక్కన వచ్చింది. అద్దంలో చూస్తే సరిగ్గానే ఉంది.

ఇంకో తా.క.: మర అదురుకి పన్నెండో గడిలో సంతకం తోక ఊడింది. కంగారు పడకు, దొరికింది. సగం.

*

బావగారూ,

లారీ కదలబోతోంది, డ్రైవరు హారను కొడుతున్నాడు. ఆపేయండి. సంతకాన్ని ముట్టుకోకండి. దొరికిన సగాన్ని అగ్గిపెట్టెలో వేసి పెట్టండి. దొరకని సగం కోసం కూడా వెతకొద్దు, వెతికితే ఇంకేదో ఊడుతుంది. మీ కాళ్ళు పట్టుకుంటాను.

మీ బావమరిది

తా.క.: ఆ మరని ఇంట్లోంచి తీసేయండి.

*

బావమరిదికి,

ఆశీస్సులు. నీ చీటీ అందేలోపే పని పూర్తయింది. ఇది విన్నాక నీ బెంగ తీరుతుంది.

తోక ఒక్కటే అతికితే పాత పన్ను పక్కన కొత్త పన్నులా ఎబ్బెట్టుగా ఉంటుందని, సంతకం మొత్తం తీసి కొత్తగా చేశాను. ముత్యపు చిప్ప మన దగ్గర లేదు గానీ, పన్ను చేసే సరుకు అంతకంటే గట్టిది. పళ్ళ రంగులు పోల్చి చూసే నమూనాల పట్టీ పక్కన పెట్టుకుని, ఆ పిట్టల రంగుకి సరిపోయేది వెతికాను. నడివయసు మనిషి, రోజుకి రెండు కాఫీలు, పొగ అలవాటు లేదు, అలాంటి ముందుపన్ను రంగు సరిగ్గా కుదిరింది. కుర్చీ కిటికీ పక్కకి లాక్కుని, భూతద్దం పెట్టుకుని, ఒక్కో అక్షరం విడివిడిగా చెక్కాను. చాలాకాలం తర్వాత మనసు పెట్టి చేసిన పని అబ్బాయ్ ఇది.

ఒక్క మాట. మీ గాయకుడి సంతకం కోడి గీకినట్టుంది, ఎవరికీ అర్థం కాదు. అందుకని గుండ్రంగా, విడివిడిగా, చిన్నపిల్లలు కూడా చదవగలిగేట్టు రాశాను. ఎదురింటావిడ కళ్ళజోడు లేకుండా చదివింది.

నీ మేలు కోరే
బావ

తా.క.: మీగడ రంగు పట్టీ ఒకచోట చిట్లితే చిగుళ్ళ రంగు సరుకుతో పూడ్చాను. మనదగ్గర ఆ గులాబి రంగొకటే ఉంది. నవ్వుతున్నట్టుంది గిటారు.

*

బావగారికి,

ఈ ఉత్తరానికి పై మర్యాదలేవీ రాయలేకపోతున్నాను, క్షమించాలి.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఏమిటో ఇన్నాళ్ళకి తెలిసింది. మచ్చ పోయింది, తప్పుడు చోట మచ్చ వచ్చింది, లోపలి సంతకం పోయింది, పైది మీ దస్తూరీ అయింది. అదింక ఆయన గిటారు కాదు. నాది కూడా కాదు.

వాయించడం రానివాడికి ఇన్ని సోకులెందుకని మీకు అనిపించవచ్చు. ఇక్కడ రోజూ ఏదో ఒకటి కూలుతుంది. నిన్న వేసిన గోడ ఇవాళ ఉండదు. పైవాళ్ళు తిడతారు, కిందివాళ్ళు తిట్టుకుంటారు. ఎవరి తప్పయినా స్టోరువాడి మీదికే వస్తుంది. నాకు పెళ్ళీ కాలేదు, ఇల్లూ లేదు. ఈ లోకంలో ఒక్క వస్తువైనా ఎలా ఉండాలో అలా ఉంది అనుకుంటే నాకు నిద్ర పట్టేది. ఇప్పుడు అదీ లేదు.

ఇకమీదట నా వస్తువు జోలికి రావద్దు. మీకు చేతనైన పని పళ్ళు చెయ్యడం. ల్యాబుకి వెళ్ళి అదే చేసుకోండి.

మీ బావమరిది

*

బావమరిదికి,

ఉత్తరం అందింది. గిటారుని పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మీ అక్కకి ఇచ్చాను. పనిముట్లు అటక మీద పెట్టేశాను. నువ్వు చెప్పినట్టే ల్యాబుకి వెళ్తున్నాను.

ఉంటాను.
బావ

*

ఒరేయ్ తమ్ముడూ,

ఎలా ఉన్నావు? నేను ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో, అక్షరాలు వంకర పోతున్నాయి. మీ బావ ఇంట్లో లేనప్పుడు రాస్తున్నాను.

నీకొక సంగతి చెప్పాలి. మీ బావకి ల్యాబు లేదురా.

ఆ మధ్య ఆయన కళ్ళజోడు మర్చిపోయి వెళ్తే ఇద్దామని వెళ్ళాను. ఆయన బల్ల దగ్గర ఏదో మర కూర్చుని ఉంది. నోటి ఫొటో చూపిస్తే పళ్ళు అదే చేసేస్తుందట. యజమాని నన్ను చూసి తల దించుకున్నాడు. "ఆయన్ని మానిపించి చాలాకాలమైందమ్మా, ఇంట్లో చెప్పలేదా" అన్నాడు. కళ్ళజోడు చేత్తో పట్టుకుని ఊరంతా వెతికాను. స్టేషన్లో, ప్రయాణికులు కూర్చునే గదిలో కనిపించారు, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని. ఏ రైలు వచ్చినా లేచి నిలబడుతున్నారు, ఎవరినో ఎక్కించడానికి వచ్చినట్టు. నన్ను చూడలేదు. నేను వెనక్కి వచ్చేశాను. కళ్ళజోడు ఇంట్లోనే ఉందండీ అన్నాను సాయంత్రం. ఆ రోజుకి ల్యాబులో ఎన్ని సెట్లు చేశారో చెబుతూ అన్నం తిన్నారు. నేను వింటూ వడ్డించాను.

ఇన్నాళ్ళూ ఆయన అబద్ధం ఆయనది, నా అబద్ధం నాది.

నీ గిటారు వచ్చాక మనిషి మారారు. "ఇవాళ సగం పూటే వెళ్తాను, ఇంట్లో అర్జెంటు పని ఉంది" అనేవారు. భోజనానికి పిలిస్తే "ఒక్క నిమిషం, చెయ్యి ఖాళీ లేదు" అనేవారు. ఆ మాట విని ఎన్నాళ్ళయిందిరా. అది అరిగిందంటే ఆయనకి సంతోషం, ఊడిందంటే ఇంకా సంతోషం. అది బాగుపడుతోందా పాడవుతోందా అని నేను చూడలేదు. తప్పే.

ఇప్పుడు నీ ఉత్తరం వచ్చాక మళ్ళీ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని స్టేషనుకి వెళ్తున్నారు. క్యారేజీ తెరవకుండానే తిరిగి వస్తోంది. నిన్నేమీ అనడం లేదు. నీది పోయింది, నీ బాధ నీకుంటుంది. నీకు తెలియాలని రాశాను, అంతే. నాకు తెలుసని ఆయనకి తెలియనివ్వకు.

మీ అక్క

తా.క.: ఎదురింటావిడ పళ్ళ సెట్టు పొరపాటున కిందపడి విరిగిందని తెచ్చింది. నేనే బతిమాలి పడేయించాను. ఆయన చూసి "నాకు ల్యాబుకి టైమవుతోంది" అని వెళ్ళిపోయారు. పాపం ఆవిడ గంజి తాగుతోంది.

*

అక్కకి,

నీ ఉత్తరం అందింది. మళ్ళీ చదివే ధైర్యం లేక మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఈ లారీలోనే నీలం గిటారు పంపిస్తున్నాను. దాని మెడ మీద పిట్టలుండవు, పూలతీగ ఉంటుంది. బావకి వేరే ఉత్తరం రాశాను. గదిలో రాళ్ళు పడి పూలు ఊడిపోయాయని, కంపెనీకి రాస్తే మావల్ల కాదన్నారని, ఆ రోజు నోటికొచ్చినట్టు రాసినందుకు సిగ్గుపడుతున్నానని, ఆయన తప్ప దీన్ని బాగుచేసేవాళ్ళు లేరని రాశాను. మొదట "తొందరేమీ లేదు" అని రాసి కొట్టేశాను. తొందర లేని పని పనిలా ఉండదు. "త్వరగా కావాలి, ఎప్పటికవుతుందో తిరుగు టపాలో చెప్పండి" అని రాశాను.

రాళ్ళేమీ పడలేదక్కా. తలుపు గడియ పెట్టుకుని స్క్రూడ్రైవరుతో నేనే పీకాను. మొదట చెయ్యి రాలేదు. మేస్త్రిని పిలిచి "దీన్ని కాస్త ఊడబెరుకు" అన్నాను. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇంత అందమైనదాన్ని నేను ముట్టను బాబూ, మీరు కాసేపు పడుకోండి" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ గడియ పెట్టాను. మొదటి పువ్వు ఊడేటప్పుడు టప్‌మని చప్పుడైంది. నా గిటారులోంచి నేను విన్న మొదటి చప్పుడు అదే.

నల్లదాని తాళంచెవి కూడా బావకి ఇచ్చెయ్యి. ఆ గులాబి రంగు నాకు నచ్చలేదని, ఇంకోలా చూడమన్నానని చెప్పు.

నీ తమ్ముడు

తా.క.: ఒక పువ్వు చెక్కడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియక, ఎందుకైనా మంచిదని మొత్తం తీగంతా పీకేశాను. ఇది కూడా అయిపోయాక ఏం చెయ్యాలో తోచడం లేదక్కా. నా దగ్గర ఇంకో గిటారు లేదు.