మేడ మీద తల్లిలేని కుండ

మహల్లా అల్ కుబ్రా,
ఫిబ్రవరి 19, మంగళవారం.

ప్రియమైన అక్క నబవియ్యకు,

నీ చెల్లెలు ఇన్షిరాహ్ సలాములు. నీ మీదా, బావగారి మీదా, నీ గొడ్డూగోద మీదా అల్లా చల్లని చూపు ఉండాలి. ఇక్కడ మేము క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నువ్వు పంపిన కుందేళ్ళ సంగతి అడిగావు. కోడలు నిహాల్‌కు నెలలు నిండేసరికి అవి కోతకు వస్తాయనీ, బాలింతకు కుందేలు పులుసుతో ములుఖియా ఆకుకూర పెడితే పాలు బాగా పడతాయనీ నువ్వే కదా పంపావు. కుందేళ్ళు ఎదిగాయి. బిడ్డే దక్కలేదు. ఆడపిల్ల, పుట్టాక ఏడవనేలేదు. ఆ రోజు నుంచీ నిహాల్ గోడవైపు తిరిగి పడుకుంది. తినమంటే తినదు, కన్నీటి చుక్క రాల్చదు. నా కొడుకు షాకిర్ డ్యూటీ నుంచి రాగానే పక్కనే కూర్చుంటాడు, అంతే. ఇలాగే ఉంటే ఈ పిల్ల కూడా మనకు దక్కదేమోనని నా భయం, అక్కా.

ఇక నా నిర్వాకం విను. నువ్వు చెప్పినట్టే బర్సీమ్ గడ్డిని మంచు తడి ఆరేదాకా పరిచి, వాడాకే వేశాను. మేడ మీద పాత నీళ్ళకుండలు పడుకోబెట్టి, లోపల ఎండుగడ్డి కుక్కాను. కుందేళ్ళ పెంపకం నాకు వెన్నతో పెట్టిన విద్యని వీధంతా చెప్పుకున్నాను. ఇంతలో బూడిదరంగుది తన రొమ్ము మీది బొచ్చు తనే పీక్కోవడం మొదలుపెట్టింది. వేడి చేసిందనుకున్నాను. చిక్కిపోకముందే కోసేద్దామనిపించింది. ఆ శుక్రవారమే, అంటే పదకొండు రోజుల కింద, నిహాల్ వాళ్ళమ్మ పలకరింపుకు వచ్చింది. బిస్మిల్లా అని దాన్నే కోశాను. అది పిల్లల తల్లని నాకు చెప్పేవాళ్ళెవరు? తోలు వలుస్తుంటే వేళ్ళకు గోరువెచ్చగా, తెల్లగా అంటింది. పాలు.

మేడ ఎక్కి చివరి కుండలోకి చూశాను. అది పీక్కున్న బొచ్చంతా పరుపులా పరిచి ఉంది. ఆ పరుపు ఊపిరి తీస్తున్నట్టు లేస్తోంది, పడుతోంది. చెయ్యి పెడితే ఏడు పిల్లలు, బొటనవేలంతవి, కళ్ళు కూడా తెరవలేదు. వాటి తల్లి కింద పొయ్యి మీద ఉడుకుతోంది.

తల్లి లేకపోతే రెండు రోజులకు మించి బతకవని నువ్వు ఒకసారి అన్నావు. అందుకని ఆదివారం పొద్దున పాతిపెడదామని గుడ్డ పట్టుకుని వెళ్ళాను. ఏడూ బతికే ఉన్నాయి. పొట్టలు గుండ్రంగా నిండి, పల్చటి చర్మం కింద పాలు తెల్లగా కనిపిస్తున్నాయి. నేను చెదరగొట్టిన బొచ్చును ఎవరో మళ్ళీ సర్ది కప్పారు. మేడ మీద మిగిలింది ఒక మగది, ఇంకా ఈడు రాని రెండు కూనలు. మరి పాలెక్కడివి? సోమవారమూ అంతే, మంగళవారమూ అంతే, ఆ వారమంతా అంతే. తెల్లవారేసరికి పొట్టలు నిండి ఉండేవి. ఆ తల్లి ఎముకలు నా చేతులతోనే వీధి పిల్లులకు వేశాను, అక్కా.

ఆగలేక పక్కింటి ఉమ్ వగీహ్‌కు చెప్పాను. ఆవిడ గొంతు తగ్గించి, ఇది నేల కింది సోదరి పనే అంది. ప్రతి మనిషికీ నేల కింద ఒక జోడు ఉంటుందని మన అమ్మ కూడా అనేది కదా. నిహాల్ బిడ్డను తీసుకుపోయిందీ ఆమేనట. ఆమె పాలు తాగినవాటిని ఇంట్లో ఉంచుకుంటే, వాటి వెంబడే వచ్చి నిహాల్‌నీ తీసుకుపోతుందట. ఇల్లంతా సాంబ్రాణి వేసి, ఆ కుందేలు పిల్లల్ని కాలవలో పారెయ్యమంది. నిన్న బుట్టలో వేసుకుని మెట్లు దిగాను కూడా. అందులో ఒకటి నా వేలు చప్పరించింది. తిరిగి వెళ్ళి కుండలో పెట్టేశాను.

ఇవాళ తెల్లవారుజామున ఫజర్ అజాన్ అవుతుండగా మేడ మీద గడ్డిమోపు వెనక కూర్చున్నాను. మెట్ల మీద అడుగులు వినిపించాయి, మెత్తగా, చెప్పుల్లేని పాదాలవి. మసక వెలుతురులో తెల్లటి బట్ట ఒకటి నన్ను దాటుకుని కుండల వైపు వెళ్ళింది. నోటికొచ్చిన దువా చదువుతూ మధ్యలో మరిచిపోయాను.

కుందేలు పిల్లలు కళ్ళు తెరిచాయి. గడ్డి ఎప్పటి నుంచి అలవాటు చెయ్యాలో వెంటనే రాయి. బావగారి మోకాలు నొప్పి ఎలా ఉంది?

ఇట్లు,
నీ చెల్లెలు
ఇన్షిరాహ్

తా.క.: కవరు అంటించి మళ్ళీ విప్పాను. వచ్చింది నిహాల్. పాలు ఇంకిపోవాలని మేము రొమ్ములకు బిగించి కట్టిన గుడ్డ విప్పుకుని, మందుచుక్కల గొట్టంలోకి పాలు పిండి, ఒక్కొక్క పిల్లకూ పడుతోంది. పడుతూ ఏడుస్తోంది.

పైన నీకు ఒక అబద్ధం రాశాను. అది తల్లని నాకు చెప్పేవాళ్ళెవరు అన్నాను కదా, నిహాల్ చెప్పింది. ఆ శుక్రవారం నేను కత్తి నూరుతుంటే మంచం దిగి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. బిడ్డ పోయాక ఆ పిల్ల నోరు విప్పింది అప్పుడే. "దాన్ని కొయ్యొద్దత్తమ్మా, అది తల్లయింది" అంది. మతి చలించి ఏదో అంటోందనుకుని, వెళ్ళి పడుకోమని కసిరాను.

ఇవాళ నన్ను చూసి కూడా ఆ పిల్ల ఆగలేదు. ఏడో దాన్ని నా అరచేతిలో పెట్టి, "మెల్లిగా పట్టుకో అత్తమ్మా, జారిపోతుంది" అంది. రెండు చేతులతో పట్టుకున్నాను.