ఆరో రోజు ఆరిన దీపం

తమ్ముడూ, ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు. నీ మేనకోడలు పోయినప్పుడు పెట్టిన దీపం పది రోజులూ ఆరకూడదని పంతులుగారు మరీమరీ చెప్పారు. "ఆ వెలుగులోనే పిల్ల దారి చూసుకుంటుందమ్మా" అన్నారు. ఆరో రోజు మధ్యాహ్నం గోడకానుకుని కునుకు తీశాను. లేచేసరికి దీపం ఆరిపోయి ఉంది. గబగబా వెలిగించేశాను, మీ బావకు కూడా చెప్పలేదు. కర్మలన్నీ అయ్యాయి గానీ నాకు ముద్ద దిగడం లేదు. పిల్ల దారి మధ్యలో ఆగిపోయిందేమో! మీ వీధి పంతులుగారిని అడుగు. ఎవరింట్లోనో జరిగిందని చెప్పు, నా పేరెత్తకు. దానికి చీకటంటే ఎంత భయమో నీకు తెలుసుగా, పెరట్లోకి వెళ్ళాలన్నా నా కొంగు పట్టుకునేది. మరదలి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నీ పిల్లలు నూరేళ్ళు చల్లగా ఉండాలి. వాళ్ళని చీకట్లో పడుకోబెట్టకండి.

మీ అక్క