మార్కులు వేయని చీటీలు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ కులాసాగానే ఉండి ఉంటావు. ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యాక ఎలా ఉంటావో మాత్రం చెప్పలేను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలు మెట్లు దిగేటప్పుడే గొడవ చేస్తోంది. మీ బావ కొత్త కళ్లజోడు చేయించుకున్నారు, అయినా పేపరు నా చేతే చదివించుకుంటున్నారు. "ఫోన్ చేస్తే ఎందుకు తీయడం లేదక్కా?" అన్నావు. దానికే వస్తున్నాను.

మొన్న నువ్వొచ్చి రెండ్రోజులున్నప్పుడు, నేను భోజనాల బల్ల మీద ఏడో తరగతి పిల్లల చీటీలు పరుచుకుని కూర్చున్నాను. "ఏంటక్కా ఈ చిత్తుకాగితాలు?" అని వేళాకోళం చేశావు. నేను పొంగిపోయి అంతా చెప్పాను. సైన్సు పాఠం అయ్యాక చివరి ఐదు నిమిషాల్లో ఏం బోధపడిందో, ఏం పడలేదో రాయిస్తాననీ, వాటికి మార్కులుండవనీ, వాటిని బట్టే మర్నాటి పాఠం మార్చుకుంటాననీ. వాళ్లలో ఒక పొడుగుజడ పిల్ల రాసింది చదివి వినిపించాను కూడా. "పంచదార కరిగిపోయాక కనబడదు కాబట్టి దాని బరువు పోతుంది. మరి తీపి ఎందుకు పోలేదు టీచర్?" ఆ తప్పు చూసి నాకెంత ముచ్చటేసిందో! మర్నాడు త్రాసు పట్టుకెళ్లి, కరగకముందూ కరిగాకా పిల్లల చేతే తూయించాను. బరువు తగ్గకపోయేసరికి దాని కళ్లు ఇంతింతయ్యాయి.

ఆ చీటీలు ఎవరికీ చూపించనని పిల్లలకు మాటిచ్చాను. నీకు చూపించాను. నువ్వు పరాయివాడివనిపించలేదు.

పది రోజులకు మీ విద్యాశాఖ ఆఫీసు నుంచి ఆర్డరొచ్చింది. మా క్లాసులో పదకొండు మందికి ప్రాథమిక విషయాలే రావట. వాళ్లను సైన్సు క్లాసులోంచి తీసేసి, వేరే గదిలో కూర్చోబెట్టి నోట్సు ఎక్కించాలట. ఆధారాలంటూ వెనక ఫోటోలు. చీటీల కింద నీలం గళ్ల గుడ్డ, దాని మీద మీ బావ ఒలకబోసిన టీ మరక. నా బల్లేరా అది! ఎప్పుడు తీశావు? నేను స్నానానికి వెళ్లినప్పుడా, నీ కోసం వంటింట్లో ఉన్నప్పుడా?

"మీ తమ్ముడికి పైవాళ్ల దగ్గర మంచి పేరొచ్చిందట మేడమ్" అన్నారు హెడ్మాస్టరుగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పొడుగుజడ పిల్ల పుస్తకాలు సర్దుకుంటూ, "మార్కులు వెయ్యనన్నారు కదా టీచర్?" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

చిన్నప్పుడు నీకు ఎక్కాలు రాకపోతే నాన్నకు తెలియకుండా ఎన్నిసార్లు కాపాడానురా! ఒక్కసారైనా బయటపెట్టానా? నా ఇంట్లో తిని, నా వెనకే ఇంత పని చేస్తావని కలలో కూడా అనుకోలేదు. నీ గొంతు వినాలంటేనే మనసొప్పడం లేదు.

ఇప్పుడు ఇంతసేపూ దాచిన సంగతి. సోమవారం హెడ్మాస్టరుగారికి కాగితం రాసిచ్చాను. ఆ చీటీలు పిల్లలవి కావనీ, పిల్లలు మామూలుగా చేసే తప్పుల్ని నేనే నమూనాగా రాసి పెట్టుకున్నాననీ, మా తమ్ముడు నన్నడక్కుండా ఫోటోలు తీశాడనీ. చివరి మాట తప్ప అన్నీ అబద్ధాలే. ఆయన ఫోటోల్లోని రకరకాల చేతిరాతల్ని చూశారు, నా మొహం చూశారు, ఏమీ అడక్కుండా ముద్ర వేశారు. ఆర్డరు ఆగిపోయింది. నిన్ను సంజాయిషీ అడుగుతారు. నీ ప్రమోషన్ ఏమవుతుందో నాకు తెలియదు. ఆ నోటీసు కంటే ముందు నా ఉత్తరమే నీకు అందాలని రాస్తున్నాను. బాధగానే ఉంది, కానీ ఆ కాగితం వెనక్కి తీసుకోను.

పదకొండు మందీ తిరిగొచ్చారు. నిన్న అయస్కాంతాల పాఠం చెప్పి, చీటీలు రాయమన్నాను. ముప్ఫై నాలుగు చీటీల్లోనూ ఒకటే మాట, "అంతా అర్థమైంది టీచర్" అని. పొడుగుజడ పిల్ల కూడా అదే రాసింది. రేపు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదురా.

ఇట్లు,
నీకు అక్షరాలు దిద్దించిన అక్క